తాళంచెవి నడుముకు కట్టుకుని ఢిల్లీ చూశాను

ఢిల్లీలో ఏం చూశావని ఊళ్లో చాలామంది అడిగారు. ఒక్కొక్కరికి చెప్పుకుంటూ పోతే గొంతు పోతుంది కాబట్టి రాసి పెడుతున్నాను. నేను చదివింది మూడో తరగతి. ఆ తర్వాత మా నాయన గొర్రెల వెంట పంపాడు. అందుకని ఏ కోట ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు అనేవి ఇందులో ఉండవు. అవి కావాలంటే బడిపిల్లలను అడగండి. నేను కళ్లారా చూసినవీ, ఎదురుగా ఉన్నా మనసు పెట్టి చూడలేకపోయినవీ చెబుతాను.

ఈ ప్రయాణం నేను కోరి చేసింది కాదు. మా మనవరాలు శ్రావణి, అంటే నా కొడుకు రామాంజి కూతురు, బెంగుళూరులో నర్సు. శుక్ర, శని, ఆదివారాలు సెలవు కలిసొచ్చిందని నాకు మాటైనా చెప్పకుండా ఇద్దరికీ విమానం టికెట్లు తీసింది. రానన్నాను. జూన్ నెల అయిపోవస్తోంది, ఇంకా విత్తనం పడలేదు, ఇట్లాంటప్పుడు ఇల్లు వదిలి ఎవరైనా పోతారా అన్నాను.

"టికెట్లు వాపసు చేస్తే దుడ్లు రావు అవ్వా. ఒక్క రూపాయి కూడా రాదు" అంది.

ఆ ఒక్క మాటతో నన్ను బయలుదేరదీసింది. బయటికి వచ్చి ఆకాశం చూశాను. మోడం అన్నదే లేదు. మూడు రోజుల్లో ఏం మునిగిపోతుందిలే అనుకున్నాను.

మా సంగతి తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. అనంతపురం దగ్గర మా గార్లదిన్నె వైపు చేన్లన్నీ ఎర్రనేల. గట్టి వాన ఒకటి పడితే మరునాటికి చేనులో కాలు పెట్టవచ్చు. ఆ తర్వాత రెండు రోజులు నేలలో తడి నిలుస్తుంది. దాన్ని పదును అంటాం. శనక్కాయ విత్తనం ఆ పదునులోనే భూమిలో పడాలి. అది తప్పిపోతే మళ్లీ వాన ఎప్పుడో, అసలు ఉందో లేదో, పైవాడికే తెలియాలి.

బెంగుళూరు విమానాశ్రయం

లోపలికి పోయేముందు మనుషులను తడిమి చూస్తారు. ఆడవాళ్లకు తెర చాటు ఉంది. అక్కడ ఒక పోలీసు పాప గరిటె లాంటిదేదో నా ఒంటి చుట్టూ తిప్పింది. నడుము దగ్గరికి రాగానే అది కూసింది. మళ్లీ తిప్పింది, మళ్లీ కూసింది.

"ఇదేను అజ్జీ?" అని కన్నడంలో అడిగింది.

మొలతాడుకు కట్టిన తాళంచెవి బయటికి తీశాను. జానెడు ఇనప చెవి. "విత్తనాల గది బీగానిది తల్లీ" అన్నాను. ఆ పాప నవ్వి, దాన్ని విప్పించి ఒక తట్టలో వేసి యంత్రంలోకి తోసింది. అది అవతలి పక్క బయటపడేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.

శ్రావణి మాత్రం నవ్వలేదు. "ఇది ఇంట్లో ఇచ్చి రావాల్సింది కదా అవ్వా. వాన పడితే ఏం చేస్తారు?"

"పడదు."

"పడితే?"

"మీ నాయన చేతికిస్తే గదిలో మిగిలేది గోనెపట్టలే" అన్నాను.

నా కొడుకు చెడ్డవాడు కాదు. చెయ్యి వదులు. పోయిన ఏడు విత్తనం ఇంకా గదిలో పెట్టకముందే, నేను ఊళ్లో లేని పూట చూసి స్నేహితుడెవరో అడిగాడని రెండు మూటల విత్తనం ఎత్తి ఇచ్చాడు. తిరిగి వచ్చినవి బూజు పట్టిన కాయలు. ఈ ఏడు విత్తనం నేనూ ఇంకొందరు ఆడవాళ్లూ కూర్చుని, పొల్లు ఏరేసి, ఒక్కొక్క కాయా చేత్తో వొలిచినది. అది పాత మిద్దెలో గదిలో ఉంది. దానికి కిటికీ లేదు. పైకప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచి ఒకటి ఉంది కానీ, దాని మీద బండ కప్పి ఉంటుంది. తలుపుకు మా ఆయన ఎప్పుడో తెచ్చిన ఇనప తాళం. ఏళ్ల తరబడి ఆ తాళం తీసేదీ వేసేదీ నేనే. మూటల మధ్య వేపాకు వేసేదీ నేనే. మా గదిలో విత్తనానికి పురుగు పట్టిందన్న మాట లేదు. అది నా చేతి చలవ అని ఊరంతా అంటారు. విత్తనం వేసే గొర్రుకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టాక, మొదటి పిడికెడు కూడా నా చేతి నుంచే పడాలి. మా అత్త తర్వాత అది నాకు వచ్చింది. కోడలు నాగమ్మ మంచి పనిమంతురాలే. కానీ చెవి ఆమె చేతికి ఇవ్వాలన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు.

విమానంలో కిటికీ పక్కన కూర్చోబెట్టారు. మేఘాలు మాకంటే కింద ఉన్నాయి. మేం మెడలు నొప్పి పుట్టేలా పైకి చూసి ఎదురుచూసే మోడాలు, కాళ్లకింద దూదికుప్పల్లా ఊరికే పడి ఉన్నాయి. ఇవి ఏ ఊరి మీదివి అని అడిగితే శ్రావణికి తెలియదంది. టీ నూట యాభై అన్నారు. ఇంట్లో చేసి తెచ్చుకున్న ఓళిగలు తిని నీళ్లు తాగాను.

ఇండియా గేటు

ఢిల్లీలో ఎండ మన ఎండ లాగా ఉండదు. మనది మాడుస్తుంది, అక్కడిది ఉడకబెడుతుంది. లాడ్జిలో స్నానం చేసి, చల్లబడ్డాక ఇండియా గేటుకు పోయాం. ఎత్తైన రాతి కమాను అది. దాని నిండా యుద్ధాల్లో చచ్చిపోయిన సిపాయిల పేర్లు చెక్కారు. చుట్టూ పచ్చగడ్డి. దాని మీద జనం మన తిరునాళ్లలో మాదిరి దుప్పట్లు పరుచుకుని కూర్చుని తింటున్నారు. అంత గడ్డి ఉంది, ఒక్క గొర్రె లేదు.

ఒకతను శనక్కాయలు వేయించి పొట్లాలు అమ్ముతున్నాడు. పొట్లం ఇరవై రూపాయలు. పిడికెడు కూడా లేవు. ఒక కాయ చిదిమి చూశాను. గింజ ముడతలు పడి ఉంది.

"నీళ్లు చాలని కాయ ఇది. యాడిదో అడుగు" అన్నాను.

శ్రావణి హిందీలో అడిగింది. గుజరాతు అన్నాడట. "మా అవ్వ శనక్కాయలు పండిస్తుంది" అని కూడా చెప్పినట్టుంది, అతను చేతులు జోడించి ఇంకో నాలుగు కాయలు పొట్లంలో వేశాడు. ధర మాత్రం తగ్గించలేదు.

ఆ కాయలు ఒలుచుకుంటూ ఉండగా శ్రావణి ఫోను మోగింది. రామాంజి.

"మా, వాన పడినాది. మామూలు వాన కాదు, వంక పారినాది."

చేతిలో కాయ పొట్లంలో వేసేశాను. "మన చేన్లో పడినాదా?" అన్నాను.

"అంతా తడిసినాది. రేపు ఆరితే ఎల్లుండి గొర్రు కడతాం. బీగం చెవి యాడ పెట్టినావు? నాగమ్మ దేవుని గూడు, బియ్యం డబ్బా అన్నీ ఎతికింది."

"నా నడుముకుండాది."

"అంటే ఢిల్లీలోనా?"

"ఢిల్లీలోనే."

"ఏమ్మా నువ్వు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. "సరే, బీగం పగలగొట్టేదా?"

"వద్దు. అది మీ నాయన తెచ్చిన బీగం" అనేశాను. ఎందుకన్నానో తెలియదు. నోటికి అదే వచ్చింది. అంతలో లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

శ్రావణి వెంటనే విమానం టికెట్లు మార్చడానికి చూసింది. సెలవులు కదా, సీట్లు లేవు. రైళ్లలోనూ చోటు లేదు. వాన కోసం నెలంతా ఎదురుచూసినదాన్ని. అది పడిన పూట ఢిల్లీ గడ్డి మీద కూర్చుని ఉన్నాను. పొట్లంలో మిగిలిన కాయలు కొంగున ముడేసుకున్నాను. తినబుద్ధి కాలేదు, పారేయబుద్ధీ కాలేదు.

కుతుబ్ మినార్

శనివారం తెల్లారగానే ఫోను కలిసింది. రామాంజి మాట పలకకముందే, "పగలగొట్టండి, ఏమన్నా చేసుకోండి" అన్నాను.

"నువ్వు చెప్పకముందే మొదలుపెట్టినాంలే. సుత్తి పిడి ఇరిగినాది, బీగం ఇరగలేదు. కట్ చేసే మిషను ఉండాది గానీ, రాత్రి నుంచి కరెంటు లేదు. ఫోను కూడా ఆరిపోయేట్టుండాది. విత్తనం కొనాలేమో చూస్తా..."

అంతే, ఆరిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఏదో ఆడమనిషి గొంతు తప్ప మా ఇంటివాళ్ల గొంతు వినబడలేదు.

కొనాలేమో అన్న మాట నాలో ముల్లులా దిగింది. వాన పడిన మరునాడు విత్తనం ధర ఎట్లా ఉంటుందో రైతులకు చెప్పాల్సిన పనిలేదు. ధర ఒక ఎత్తు, అది మొలుస్తుందో లేదో ఎవరికి తెలుసు? ఇంట్లో ఒలిచి పెట్టుకున్న బంగారం లాంటి విత్తనం తాళం వెనకాల, తాళంచెవి ఢిల్లీలో.

అంత దిగులులోనూ, డబ్బు పెట్టి వచ్చాం కాబట్టి చూడక తప్పదని మెట్రో రైలెక్కాం. అక్కడ మెట్లు వాటంతటవే కదులుతాయి. ఎక్కను పొమ్మన్నాను. శ్రావణి చెయ్యి పట్టి లాగింది. పైకి చేరాక దూకి దిగాను గానీ ఒక చెప్పు కిందే ఉండిపోయింది. ఎవరో టై కట్టుకున్న అబ్బాయి దాన్ని చేత్తో పట్టుకుని వచ్చి నా కాళ్ల దగ్గర పెట్టి దండం పెట్టాడు. మన దగ్గర అయితే "ఏమవ్వా, చూసుకోనక్కరలేదా" అని నాలుగు అనేవాళ్లు.

కుతుబ్ మినార్ ఎంత ఎత్తుందంటే, తల ఎత్తితే కొంగు జారిపోయింది. దాని పక్కన ఒక ఇనప స్తంభం ఉంది. వందల ఏళ్లుగా ఎండకూ వానకూ నిలబడి ఉన్నా తుప్పు పట్టలేదట. అందరూ ముచ్చటపడి ఫోటోలు తీసుకుంటున్నారు. నాకు ఆ ఇనుమును చూస్తేనే భయం వేసింది. మా ఇంటి తాళం దీనికి చుట్టమై ఉంటుంది.

నీడన రాతిబల్ల మీద కూర్చున్నాం. పక్కన నా వయసు మనిషే, తలమీద ముసుగు, కాళ్లకు లావుపాటి వెండి కడియాలు. హర్యానా పల్లె నుంచి కొడుకు పిల్లలతో వచ్చిందట. శ్రావణి మధ్యలో కూర్చుని ఇద్దరి మాటలూ ఇటూ అటూ మోసింది. ఆమె ముందు అడిగింది మా వైపు వాన పడిందా అని. పడిందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను. వాన పడితే ఏడుస్తారా అని ఆమె వింతగా చూసింది. తాళంచెవి తీసి చూపించి సంగతంతా చెప్పించాను.

ఆమె తన నడుము తట్టి, ఖాళీ అరచేతులు చూపింది.

"వాళ్ల ఇంటి చెవులన్నీ కోడలికిచ్చి వచ్చిందంట అవ్వా. లేకుంటే ఎనుములకు దాణా ఎవరు పెడతారు అంటాంది" అంది శ్రావణి.

"ఎనుములను ఎవరూ చేబదులు అడగరని చెప్పు" అన్నాను.

అది విని ఆమె పగలబడి నవ్వింది. సంచిలోంచి నెయ్యి పూసిన మందపాటి రొట్టె, మామిడికాయ ఊరగాయ తీసి పెట్టింది. ఆ ఊరగాయలో సోంపు ఉంది, ఆవ నూనె ఉంది. మన కారం లేదు. నేను శనక్కాయల పొడి ఇచ్చాను. నాలుక మీద వేసుకుని రెండు చేతులతో నోరు విసురుకుంది. పోతూ పోతూ నా వేళ్లను చెవి చుట్టూ మడిచి మూసి, ఏదో అంది. శ్రావణి దానికి అర్థం చెప్పలేదు. నేను అడగలేదు.

చాందినీ చౌక్

ఆదివారం ఎర్రకోట చూశాం. ఆ గోడల ఎత్తు, ఆ తలుపుల మందం చూసి నాకు ఒకటే ఆలోచన, లోపలివాళ్లు చెవి మరచిపోతే బయటివాళ్లు ఏం చేసేవాళ్లు అని.

కోట ఎదురు వీధి చాందినీ చౌక్. మనుషులు, రిక్షాలు, తోపుడు బండ్లు, నెత్తిన మూటలు, అన్నీ ఒకే దారిలో. జిలేబీ నేతిలో తీస్తున్నారు. రెండు తిన్నాం, బాగుంది, డబ్బు ఇచ్చేటప్పుడు బాగలేదు. అక్కడి నుంచి సందుల్లో నడుస్తుంటే ఒక వీధి నిండా గొళ్లేలు, తాళాలు. నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి.

ఒక దుకాణంలో తెల్లగడ్డం పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. చెవి చూపించి, దీని తాళం ఎట్లా పగులుతుందో అడగమన్నాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి, ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు. తమ పెద్దల కాలంనాటి పనితనం అట. సుత్తికి లొంగదట, దొంగ కూడా దీన్ని చూసి దండం పెట్టి పక్కింటికి పోతాడట. ఆ తాళం ఎంత గట్టిదో ఆయన చెబుతుంటే నేను దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాను. చివరికి మాకు టీ తెప్పించి, కొత్త తాళం ఒకటి ముందు పెట్టాడు.

"దీనికి మూడు చెవులంట అవ్వా, ఇంట్లో ముగ్గురికి" అంది శ్రావణి, నా మొహం చూడకుండా.

"మూడు చెవులుంటే అది బీగమెందుకవుతుంది?" అన్నాను. టీ మాత్రం తాగాను, తెప్పించాక పారబోస్తే పాపం.

మేం బయటికి వచ్చేసరికి వాన. ఢిల్లీ జనం కేరింతలు కొడుతూ తడిశారు. నీళ్లు రోడ్డు మీద మోకాలి లోతు పారి, మురుగు కాలువలో కలిసిపోయాయి. ఒక గింజకైనా అందని వాన. నేను దుకాణం అరుగు మీద నిలబడి, మా చేన్లో తడి ఇప్పుడు ఎంత లోతున ఉంటుందో లెక్క వేసుకుంటూ ఉన్నాను.

తిరుగు బస్సు

రాత్రి బెంగుళూరులో దిగాం. శ్రావణికి డ్యూటీ ఉంది. తెల్లవారుజామున నన్ను అనంతపురం బస్సెక్కించింది. నాకు ఫోను లేదు. అక్కరలేదని ఇన్నేళ్లూ కొననివ్వలేదు.

పెనుకొండ దాటేసరికి తెల్లారింది. కిటికీకి తల ఆనించి నేల చూస్తూ కూర్చున్నాను. ఒకచోట మన్ను నల్లబడి ఉంటుంది, గొర్రు సాళ్లు కనబడతాయి. రెండు మైళ్లు పోతే దుమ్ము లేస్తుంటుంది. పక్క సీటులో ముదిగుబ్బ ఊరి అతను, గొర్రెల వ్యాపారి.

"ఏమప్పా, మీ తట్టు పడినాదా?" అన్నాను.

"మాకు మోడం సూపిచ్చి పోయిందవ్వా. గార్లదిన్నె తట్టు దంచిందంట కదా, అదృష్టమంటే మీదే" అన్నాడు.

కొంగున ముడేసిన ఢిల్లీ శనక్కాయలు అతని చేతిలో పోశాను. ఒకటి కొరికి, "ఇవేమి కాయలు, ఉత్త పొట్టు" అన్నాడు.

మా ఇల్లు, మా చేను

ఇంట్లో ఎవరూ లేరు. సంచి వాకిట్లో పడేసి నేరుగా పాత మిద్దెకు పోయాను. తాళం వేలాడుతోంది. మీద సుత్తి దెబ్బలు, నాలుగైదు సొట్టలు. తెగలేదు. అయితే విత్తనం కొన్నట్టే, లేదా పదును పోగొట్టుకున్నట్టే. అరుగు మీద కూలబడ్డాను. తర్వాత, కనీసం ఉన్న విత్తనమన్నా చూసుకుందామని చెవి పెట్టి తిప్పాను.

తలుపు తీస్తే లోపల ఎప్పుడూ లేని వెలుతురు. పైన గవాచి మీద బండ పక్కకు తీసి ఉంది. ఎండ సన్నగా నేల మీద పడుతోంది. మూటలు లేవు. ఖాళీ గోనెలు మడిచి ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి.

దొంగలు పడ్డారని అరవబోయాను. గోనెలు మడిచి పెట్టే దొంగలు ఉండరని అంతలోనే తోచింది. వెనకాల అడుగుల చప్పుడైంది. నాగమ్మ. చేలోవాళ్లకు సద్ది తీసుకుపోవడానికి వచ్చినట్టుంది, మోకాళ్ల దాకా ఎర్రమన్ను.

"గవాచిలోంచి దిగినా అత్తా" అంది.

"నువ్వా?"

"మీ కొడుకు భుజాలు పట్టలేదు. తాడు కట్టుకుని నేనే దిగినా. గంపకెత్తితే ఆయన పైకి లాగినాడు."

"కాలు ఇరిగింటే?"

"ఇరగదు. నాకు అలవాటే."

"అలవాటా?"

ఆమె తల వంచుకుని గోనెలు సరిచేసింది, అవి సరిగానే ఉన్నాయి. "మీరు మోకాలి ఆపరేషనుకు పోయిన యేడు, లోపల ఎలకల సప్పుడు ఇనబడితే దిగినా. మూటలకు పురుగు మొదలుపెట్టినాది. అన్నీ దులిపి కొత్త ఏపాకు ఏసినా. అప్పట్నుంచి యేడాదికి ఒకట్రెండుసార్లు దిగుతాండా."

ఊరంతా మెచ్చుకున్న నా చేతి చలవ అదన్నమాట. ప్రతి ఏడూ లోపల పెట్టేటప్పుడు తూకం వేసేదాన్ని, తీసేటప్పుడూ వేసేదాన్ని. పిడికెడు తగ్గిన గుర్తు లేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే గవాచికి కూడా బీగమేస్తారని" అంది.

నిజమే. వేసేదాన్నే.

"మొదటి పిడికెడు ఎవరు ఏసినారు?" అన్నాను.

"నిన్న నేనే ఏసినా." తలుపు వైపు తిరిగి, "గట్టు పక్కన నాలుగు సాళ్లు మీకోసం ఇడిచిపెట్టినాం. పదును పోతాంది, రాండి అత్తా" అంది.

ఢిల్లీకి కట్టుకున్న చీరతోనే చేనుకు పోయాను. చేనంతా సాళ్లు దువ్వెనతో దువ్వినట్టు ఉన్నాయి. రామాంజి గొర్రు ఆపి, "ఢిల్లీ ఎట్లుండాది మా?" అన్నాడు నవ్వుతూ.

"మాటలు తర్వాత. గొర్రు పట్టు" అన్నాను. మన్ను చేతిలోకి తీసి పిసికితే ఉండ కట్టీ కట్టనట్టుంది. ఆ నాలుగు సాళ్లూ నా చేత్తో విత్తాను.

ఇది రాసేనాటికి చేను మొలకెత్తింది. తాళం వేయడం నేను మానలేదు. కానీ అనంతపురం పోయినప్పుడు లావుపాటి కొత్త తాడు ఒకటి కొని మిద్దె మీద చుట్టి పెట్టాను. ఎంతయిందని నాగమ్మ అడిగితే చెప్పలేదు. అంత పెట్టి తాడు కొన్నానని తెలిస్తే ఊళ్లో నవ్వుతారు.

నాగమ్మ వేసిన సాళ్లు పచ్చగా, ఎక్కడా సందు లేకుండా లేచాయి. గట్టు పక్కన నాలుగు మాత్రం ఇక్కడొకటి అక్కడొకటి మొలిచి, పళ్లూడిన నోరులా ఉన్నాయి. దారిన పోయేవాళ్లు ఇవెందుకిట్లా ఉన్నాయని అడుగుతారు.

"అవి ఢిల్లీ సాళ్లు" అంటుంది నాగమ్మ.

నేను పక్కనే కలుపు తీస్తూ ఉంటాను.